రేకు కింద నీలం రంగు

దొరసామి గారి పాత కారవాన్‌కు పైపైన రంగు కొట్టి పంపేద్దామన్నాడు మణియం. రేకులు విప్పి లోపలి చెక్క చూడకుండా రంగు వెయ్యనంది అతని చెల్లెలు విజయలెచ్చుమి. పన్నెండేళ్ళుగా క్వాలా సెలంగోర్ రోడ్డు పక్కన ఒకే షెడ్డులో బండ్లు బాగుచేస్తున్న ఆ అన్నాచెల్లెళ్ళు, ఒక బండి గురించి రెండు రోజులు మాటలు మానేయడం అదే మొదటిసారి. మూడో రోజు పొద్దున రంగు డబ్బాలు తేవడానికి మణియం క్లాంగ్ పట్నం బయలుదేరాడు. వెళ్ళబోతూ గేటు దగ్గర లారీ ఆపి కిందికి దిగి వచ్చాడు.

"ఎడం పక్క ముట్టుకోకు లెచ్చుమీ. నాను ఒచ్చినాక సూద్దాం."

"ఏల?"

"ఏలంటే ఏటి సెప్పీది? సెప్పినాను గదా లా, ముట్టుకోకు."

అతని లారీ ఆయిల్‌పామ్ తోట మలుపు తిరిగేదాకా చూసి, లెచ్చుమి స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంది.

ఆ కారవాన్, జీపు వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు. రెండు మంచాలు, ఒక వంటగట్టు, కిటికీలకు గళ్ళ తెరలు. నలభై ఏళ్ళ కిందట ఇపో దగ్గర ఎస్టేటు వదిలి సొంత దేశం వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు మేనేజరు దగ్గర దొరసామి దాన్ని కొన్నాడు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు సముద్రం ఒడ్డుకీ, కొండల మీదికీ తిప్పాడు. వాళ్ళు పెద్దయ్యాక కూడా ఎప్పుడైనా బయటికి తీసేవాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బటాంగ్ బెర్జుంటైలో ఆయన ఇంటి వెనక తార్పాలిన్ కింద పడి ఉంది. ఇప్పుడు నది ఒడ్డున తనకున్న స్థలంలో పెట్టి, మిణుగురులు చూడ్డానికి వచ్చేవాళ్ళకు బసగా ఇస్తానన్నాడు. బండి వచ్చిన రోజున మణియం ఇపోలో పెళ్ళికి వెళ్ళాడు. పని ఒప్పుకున్నది లెచ్చుమే. "రేకంతా ఇప్పి సెయ్యమ్మా, నీ సేత్తోనే సెయ్యి" అన్నాడు పెద్దాయన. తిరిగొచ్చిన మణియం బండిని చూసి చాలాసేపు షెడ్డు బయటే నిలబడిపోయాడు. "దీన్ని నానెప్పుడూ సూడనేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

ఎండా వానా తిన్న తెల్లరంగు చేత్తో రాస్తే సున్నంలా అరచేతికి అంటుకుంటోంది. రేకుల అతుకుల మీద బిగించిన సన్నని పట్టీలను లెచ్చుమి ఒక్కొక్కటే విప్పింది. తుప్పు పట్టిన స్క్రూలు కొన్ని తల తెగి చెక్కలోనే ఉండిపోయాయి. పట్టీల కింద, నీళ్ళు దిగకుండా ఎప్పుడో పెట్టిన పేస్టు ఎండిపోయి గోరు తగిలితే చాలు పెళుసుగా రాలుతోంది. ఇలాంటి బండికి జబ్బు పైకి తెలీదు. అతుకులోంచి వాననీళ్ళు దిగి లోపలి చెక్క చట్రం కుళ్ళిపోతుంది. పైన రేకు మాత్రం బాగానే ఉంటుంది. రంగు కొట్టేస్తే ఇంకా బాగుంటుంది. ఆ సంగతి ఆమెకు నేర్పింది మణియమే. భర్త పోయి పన్నెండేళ్ళ కూతురితో వచ్చి నిలబడ్డ చెల్లెలికి సుత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ అతనే నేర్పాడు.

కుడి పక్క, వెనక పక్క ముందురోజే అయిపోయాయి. ఎడం పక్కకు వచ్చి, వేలి కణుపుతో తట్టుకుంటూ పోయింది. మంచి చెక్క టక్కుమంటుంది. కుళ్ళిన చెక్క మెత్తగా పలుకుతుంది. వెనక చక్రానికి కాస్త పైన తట్టినప్పుడు ఆ రెండూ కాని శబ్దం వచ్చింది. రేకు మీద ఇంకో రేకు ఉన్నట్టు దట్టంగా ఉంది.

గరుకు కాగితంతో రుద్దింది. తెల్లరంగు పోయాక బూడిదరంగు పుట్టీ తేలింది. పుట్టీ పోయాక రివెట్ల తలలు వరసగా బయటపడ్డాయి. ఎవరో జానెడున్నర పొడవు అతుకు వేసి, ఆ అతుకు కనిపించకుండా చాలా శ్రద్ధగా మెత్తి, రంగు కొట్టారు. డ్రిల్లు పెట్టి మొదటి రివెట్టు తల ఎగరగొట్టింది. దాని కింద నల్లగా చిటికెడు తారు. రెండోదాని కిందా తారే. మూడోదానికీ అంతే. రివెట్టుకూ రివెట్టుకూ మధ్య మూడు వేళ్ళ దూరం.

లెచ్చుమి డ్రిల్లు ఆపింది. నీళ్ళు దిగకుండా ప్రతి రివెట్టు కిందా తారు పెట్టేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. బజారులో దొరికే పేస్టు నమ్మకూడదని ఆమెతోనూ పన్నెండేళ్ళుగా అలాగే పెట్టిస్తున్నాడు.

'దీన్ని నానెప్పుడూ సూడనేదు.'

మిగిలిన రివెట్లు తీసేసి, అతుకు అంచు కింద స్క్రూడ్రైవర్ పెట్టి లేపింది. అసలు రేకు చిరిగి ఉంది. బయటనుంచి ఏదో బలంగా గుద్దుకుని, చీల్చుకుంటూ పోయినట్టు అంచులు లోపలికి మడిచిపోయాయి. మడత పొడవునా నీలం రంగు గీరుకుపోయి ఉంది. చిరుగు చివర, చెక్క చట్రానికీ రేకుకూ మధ్య ఇరుక్కుని, విరిగిన ప్లాస్టిక్ ముక్క ఒకటి. పట్టకారుతో లాగితే వచ్చింది. రెండు వేళ్ళంత ముక్క. నీలం. ఆ నీలం మీద సన్నగా పసుపుపచ్చ గీత.

ఆ గీత గీసింది ఆమే.

ఆమె భర్త వేలు పాత మోటార్‌సైకిల్ ఒకటి కొన్నాడు. ఎర్ర రంగు నచ్చలేదంటే మణియమే మిగిలిపోయిన నీలంలో కాస్త వెండిరంగు కలిపి కొట్టాడు. అలాంటి నీలం బండి ఇంకొకటి లేదని వేలు ఎస్టేటంతా చెప్పుకున్నాడు. ముందు ప్లాస్టిక్ కవచానికి అటూ ఇటూ పసుపు గీత కావాలన్నాడు. సన్న కుంచెతో లెచ్చుమి గీస్తుంటే పక్కన కూర్చుని, చెయ్యి వణక్కుండా ఉండాలంటే ఊపిరి బిగబట్టమని సలహాలు చెప్పాడు.

ముక్క అరచేతిలో పెట్టుకుని ఆమె షెడ్డు నేల మీదే కూర్చుండిపోయింది.

పన్నెండేళ్ళ కిందట, నవంబరు వానల్లో ఒక పొద్దున, పామాయిల్ మిల్లులో రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తూ వేలు రోడ్డు పక్క కాలవలో పడి చనిపోయాడు. ఏడున్నరకు చేపలమ్మే అతను చూశాడు. గుద్దిన బండి ఏదీ కనిపించలేదు, చూసినవాళ్ళు లేరు. మనిషి తాగుతాడా అని పోలీసులు ఇంటివాళ్ళను అడిగారు. ఆ మాటకు జవాబు చెప్పింది మణియం. తాగుతాడు సార్ అన్నాడు. ఆ పొద్దున కాలవ దగ్గర కూడా సమ్సు సారా వాసన వచ్చిందన్నాడు. దాంతో అది తాగి పడిపోయిన కేసు అయింది.

వేలు తాగేవాడన్నది అబద్ధం కాదు. జీతం రోజున సమ్సు సీసా లేకుండా ఇంటికొచ్చేవాడు కాదు. కానీ చనిపోవడానికి అయిదు నెలల ముందు కూతురు తర్షిణి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అయిదు నెలలు చుక్క ముట్టలేదు. లెచ్చుమి అప్పుడప్పుడే నమ్మడం మొదలుపెట్టింది. అలాంటి సమయంలో అన్నయ్య వచ్చి వాసన వచ్చిందని చెప్పాడు. కూతురి తల మీద వేసిన ఒట్టు తప్పినవాడి కోసం ఏడవకూడదనుకుంది. ఏడవలేదు. శవం లేచేటప్పుడు కూడా గోడకు ఆనుకుని నిలబడే ఉంది. "మీ నాన్న నీ మీద ఒట్టేసి తప్పినాడు. ఆ ఒట్టే కొట్టినాది" అని పన్నెండేళ్ళ పిల్లతో చెప్పింది. ఆ తర్వాత తర్షిణి తండ్రి ఫొటో గోడ మీద ఉంచనివ్వలేదు. అది బీరువాలో బట్టల కింద ఉంది.

ఎండ షెడ్డు మధ్యకు వచ్చేసరికి లారీ చప్పుడు వినిపించింది. లెచ్చుమి లేచి నిలబడింది.

రెండు చేతుల్లో రెండు డబ్బాలతో మణియం లోపలికి వచ్చాడు. కారవాన్ ఎడం పక్క తెరిచి ఉండడం చూశాడు. డబ్బాలు నెమ్మదిగా కింద పెట్టాడు.

"ముట్టుకోవద్దన్నాను గదా" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"ఈ బండి ఎప్పుడూ సూడనేదన్నావు గదా."

అతను అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"రివెట్టు కింద తారు ఎవులు పెడతారన్నయ్యా?"

"లెచ్చుమీ, నాను సెప్పేది ఇను..."

"ఇంటాను. ముందిది సూడు." ఆమె గుప్పిట విప్పింది.

మణియం ఆ ముక్క వైపు ఒక్కసారే చూశాడు. ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. దాని సంగతి అతనికి ముందే తెలుసునని ఆ ఒక్క చూపుతోనే ఆమెకు అర్థమైపోయింది. అంతవరకూ ఎక్కడో ఒక మూల, అన్నయ్యకు తెలిసి ఉండదేమోనని ఆశ ఉంది.

"అప్పుడే తియ్యబోయినాను" అన్నాడతను. "సెయ్యి రానేదు. అలాగే ఉంచి మూసీసినాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. పొద్దున."

పక్కనున్న పాత టైరు మీద కూలబడి చెప్పుకొచ్చాడు. అప్పట్లో షెడ్డు ఏడున్నరకే తెరిచేవాడు. ఆ రోజు తలుపు తీస్తుండగానే దొరసామి జీపు, దాని వెనక కారవాన్ వచ్చి ఆగాయి. మలుపు దగ్గర కారవాన్ పక్కకు ఊగి ఆవుకు తగిలిందనీ, కూతురి ఊరు వెళ్ళాలనీ, తొందరగా అతుకు వెయ్యమనీ దొరసామి అన్నాడు. మణియం రేకు మడత చూశాడు. నీలం రంగు చూశాడు. తను కలిపిన రంగు తనకు తెలియదా? మోటార్‌సైకిల్ తీసి ఆ మలుపుకు పోయాడు. అప్పటికే జనం మూగి ఉన్నారు. చేపలతను తన గోనెసంచి తెచ్చి వేలు మొహం మీద కప్పుతున్నాడు.

"ఒచ్చి ఏటి సేసినావు?"

"అతుకేసినాను."

"నీ బావని గుద్దిన బండికి."

"ఔను."

"ఏలన్నయ్యా? దొరసామి పెద్దనాన్న సేసింది పెద్దనాన్నది. నువ్వేల కప్పినావు?"

మణియం రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ మధ్యనుంచి మాట సరిగా రాలేదు. ఆమె దగ్గరకు వెళ్ళి అతని చేతులు తీసేసింది.

"సరిగా సెప్పు."

"కొక్కెం" అన్నాడు. "జీపుకీ దానికీ మద్దెన ఉండే కొక్కెం. నాలుగు రోజుల ముందు నానే బాగుసేసినాను. బోల్టు అరిగిపోనాది. కొత్తది అడిగితే కొట్లో నేదన్నారు. పెద్దాయన తొందరగా ఉన్నాడు. పాతదే బిగించీసి ఇచ్చీసినాను. తాహన్ లా, ఆగుద్ది, ఏటీ అవదు అన్నాను. ఆ పొద్దు కారవాన్ ఒచ్చినప్పుడు సూస్తే బోల్టు సగం తెగి ఏలాడతన్నాది. అందుకే మలుపులో అది తోక ఊపినట్టు ఊగినాది. పెద్దాయన తోలినాడు గాని, గుద్దించింది నా సెయ్యే లెచ్చుమీ."

రోడ్డు మీద ఆయిల్‌పామ్ గెలల లారీ ఒకటి షెడ్డును కదిలిస్తూ పోయింది.

లెచ్చుమికి కోపం రావలసిన చోట రాలేదు. అరిగిన బోల్టు. ఆ పని ఎవరైనా చేస్తారు. ఈ షెడ్డులో తను కూడా చేసింది, రెండు మూడుసార్లు, ఏమీ కాలేదు కాబట్టి మరచిపోయింది. ఆమెను పట్టి కుదుపుతున్నది అది కాదు.

"బోల్టు సంగతి ఒదిలీ" అంది. "అది నువ్వు కావాలని సేసింది కాదు. నాకొకటే సెప్పు. పోలీసోళ్ళతో నువ్వేటి సెప్పినావు?"

"నీకు తెలుసు గదా."

"నీ నోటితో సెప్పు."

"తాగుతాడని సెప్పినాను."

"ఆ పొద్దు వాసన ఒచ్చినాదని కూడా సెప్పినావు. నాకూ సెప్పినావు. నా ఇంటికొచ్చి, నా పక్కన కూకోని, అమ్మీ, బావ ఒట్టు తప్పినాడే అని నువ్వు ఏడిసినావు. వాసన ఒచ్చినాదా, రానేదా?"

మణియం తల వంచుకున్నాడు.

"అన్నయ్యా, నిన్నే."

"రానేదు."

"ఏటి?"

"ఏ వాసనా రానేదు లెచ్చుమీ. సెమట. మిల్లు నూనె వాసన. అంతే. బావ తాగనేదు."

ఆ మాట కోసమే అంతసేపూ అడిగినా, అది చెవిన పడ్డాక ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియలేదు. కారవాన్ దగ్గరకు నడిచి, విప్పేసిన రేకు మీద చెయ్యి ఆన్చింది. సున్నం లాంటి పొడి చేతికంతా అంటుకుంది. ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది.

"నాను ఏడవనేదు, నీకు తెలుసా?" అంది అటు తిరిగే. "మా అత్త నన్ను కొట్టినాది, మొగుడు పోతే కన్నీల్లు రావా, రాయివా అనీసి. నాను రాయిలాగే నిలబడ్డాను. ఒట్టు తప్పినాడని. పదహారో రోజు కర్మనాడు కూడా ఆడికి ఇష్టమని కోడి కూర ఒండమంటే నానొండనేదు. బిడ్డకి సెప్పినాను, మీ నాన్న మీద నువ్వు దిగులెట్టుకోకు, ఆడికి నీకన్నా సమ్సే ఎక్కువ అనీసి. పన్నెండేళ్ళు అది నమ్మినాది. స్కూల్లో నాన్న గురించి రాయమంటే తెల్లకాయితం ఇచ్చి ఒచ్చినాది. నువ్వు ఇక్కడే ఉన్నావు. నా పక్కనే రివెట్లు కొడతన్నావు. ఒక్కరోజు, ఒక్కరోజు నీకు సెప్పాలనిపించనేదా?"

"రోజూ అనిపించినాది."

"అనిపిస్తే సరిపోద్దా?"

మణియం లేచి ఆమె భుజం పట్టుకోబోయాడు. ఆమె జరిగిపోయింది.

"నీకు పని నేర్పినాను, ఇల్లు కట్టుకోడానికి నిలబడ్డాను..." అన్నాడు. అంటూండగానే, ఆ మాట తను అనకూడదని అతనికే తెలిసి మధ్యలో ఆపేశాడు.

లెచ్చుమి సంచిలోంచి ఫోను తీసింది. తర్షిణి ఊళ్ళోనే ఒక క్లినిక్కులో నర్సు. ఆ సమయానికి అన్నం తినడానికి కూర్చుంటుంది. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ మాట్లాడ్డం తక్కువ. తల్లితో ఒక మాట తెలుగైతే రెండు మాటలు తమిళమో ఇంగ్లీషో.

"అమ్మా? సాప్టియా, తిన్నావా?" అంది అటునుంచి.

"తర్షిణీ, నీకొకటి సెప్పాల. కూకో."

"ఏటి? ఒంట్లో బాగోనేదా?"

"బాగానే ఉన్నాను. మీ నాన్న..." లెచ్చుమి ఆగింది. ఆ మాట తర్షిణితో అనడం నోటికి అలవాటు తప్పింది. "మీ నాన్న ఆ రోజు తాగనేదమ్మా. ఒట్టు తప్పనేదు. బండి గుద్దీసినాది. ఆ బండి ఇక్కడే ఉన్నాది, మన షెడ్డులో."

క్లినిక్కులో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. అన్నం డబ్బా మూత పెట్టిన చప్పుడు.

"ఎవులు సెప్పినారు?" అంది తర్షిణి చివరికి.

"మీ మావయ్య."

"మావయ్యకి ఎప్పుడు తెలుసు?"

లెచ్చుమి అన్న వైపు చూసింది. "మొదట్నుంచీ" అంది.

ఇంకేమీ అడక్కుండా తర్షిణి అంది. "నాను ఒస్తన్నాను. ఎవులినీ ఎక్కడికీ పోనీకు."

ఫోను పెట్టేసేసరికి గేటు దగ్గర దొరసామి కారు ఆగి ఉంది. బండి వచ్చినప్పటినుంచీ ఆయన రోజూ ఆ సమయానికి వస్తున్నాడు. దూరంగా నిలబడి కాసేపు పని చూసి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోతున్నాడు. డెబ్భై ఒకటో ఏడు. తెల్లచొక్కా, మడత నలగని ప్యాంటు. ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ కార్యం జరిగినా ముందు వరసలో కుర్చీ వేసేది ఆయనకే. తర్షిణి నర్సింగులో చేరేటప్పుడు హామీ సంతకం పెట్టిందీ ఆయనే.

కారు దిగి నాలుగడుగులు వేశాడు. కారవాన్ ఎడం పక్క చిరుగు అక్కణ్ణించే కనిపిస్తోంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పీసినావా అమ్మా" అన్నాడు.

అన్న తీరుకు లెచ్చుమి ఒళ్ళు మండింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు ఎవరో దించినట్టు ఉంది ఆ గొంతు.

"అందుకే పంపినారా పెద్దనాన్నా? రేకంతా ఇప్పమని, నా సేత్తోనే ఇప్పమని అందుకే సెప్పినారా? మీ నోటితో సెప్పడానికి దమ్ము సాలక, రేకు సేత సెప్పించినారా?"

ఆయన తలూపాడు.

"పన్నెండేళ్ళు నీ గుమ్మంలోకి ఒచ్చినాను. ప్రతిసారీ సెప్దామనే ఒచ్చినాను. నువ్వు కాఫీ ఇస్తావు, తాగీసి ఎల్లిపోతాను. మొన్న డాక్టరు నా గుండె ఫొటో సూసి ఇంక ఎక్కువ రోజులు నేవు అన్నాడు. అప్పుడనుకున్నాను, నాను పోతే ఇది కూడా నాతో పోద్ది. పోకూడదు అని."

"మీకు రోజులు తక్కువున్నాయి కాబట్టి నాకు సెప్తన్నారు. ఉంటే సెప్పరన్నమాట."

అలా ఎవరూ ఆయనతో మాట్లాడి ఉండరు. మణియం గోడ పక్కన నిలబడి ఇద్దరినీ చూస్తున్నాడు.

లెచ్చుమి విప్పిన అతుకు రేకు తీసి గోనెపట్టాలో చుట్టింది. నీలం ముక్కను జేబురుమాలులో కట్టి నడుముకు దోపుకుంది.

"పోలీసోళ్ళ దగ్గరికి పోతన్నాను" అంది. "మీరిద్దరూ నాతో ఒస్తే మంచిది. రాకపోయినా నాను పోతాను. కేసు ఏటవుద్దో నాకు తెలీదు. వేలు తాగి పడిపోనాడని ఆ కాయితంలో రాసుందే, అది కొట్టించాల. నాకదే కావాల."

"ఒస్తాను" అన్నాడు మణియం. ఆ షెడ్డులో ఆ రోజు అతను ఆలోచించకుండా అన్న మాట అదొక్కటే. "నాను సెప్పింది అబద్దమని నానే రాసిస్తాను."

"నానూ ఒస్తానమ్మా" అన్నాడు దొరసామి. "కాని అక్కడ సెప్పేముందు ఇక్కడొకటి సెప్పాల. మణియానికి కూడా తెలీదు."

మణియం తలెత్తాడు.

"ఆ పొద్దు నీతో ఆవు అన్నాను. ఆవు కాదని నాకు తెలుసు. నాను ఆగినాను మణియం. కొంచెం ముందుకు పోయి జీపు ఆపి ఎనక్కి నడిచి ఒచ్చినాను. బండి రోడ్డు మీదున్నాది. వేలు కాలవలో ఉన్నాడు." ఆయన చేతిలో టోపీ నలిగిపోతోంది. "బతికే ఉన్నాడు."

"ఏటంటన్నావు?" మణియం గొంతు అరుపుగా వచ్చింది. గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి ముసలాయన చొక్కా రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఏటంటన్నావు నువ్వు? అక్కడికక్కడే పోనాడనుకున్నాను నాను! పన్నెండేళ్ళు అదే అనుకోని బతికినాను! బతికున్నోడిని ఒదిలీసి నా దగ్గరికి అతుకేయించుకోడానికి ఒచ్చినావా?"

"కొట్టు" అన్నాడు దొరసామి.

"అన్నయ్యా, ఒదులు."

మణియం వదల్లేదు. లెచ్చుమి మధ్యకు వచ్చి అతని వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది. చొక్కా గుండీ ఒకటి తెగి నేల మీద పడింది. అన్నను వెనక్కి నెట్టి, ముసలాయన ఎదురుగా నిలబడింది.

"ఎంతసేపున్నారు ఆడి దగ్గర?"

"అయిదు నిమిసాలు. ఇంకొంచెం ఎక్కువేమో. ఫోను జీపులో ఉన్నాది. పోయి తేవాలి, ఆస్పత్రికి సెయ్యాలి, అనుకుంటానే ఉన్నాను. కాళ్ళు కదల్నేదు. అప్పుడాడు నా సెయ్యి పట్టుకున్నాడు."

"మాటాడినాడా?"

"మాటాడినాడు. తెలివిగానే ఉన్నాడు. నన్ను గుర్తు పట్టినాడు. ఒకటి సెప్పమన్నాడు."

లెచ్చుమి ఒక అడుగు ముందుకు వేసింది. "నాకా?"

దొరసామి తల అడ్డంగా ఊపాడు. "నీకు కాదమ్మా. తర్షిణికి. బిడ్డకే సెప్పమన్నాడు, నీకు ముందు సెప్పొద్దన్నాడు. ఒట్టేయించుకున్నాడు నా సేత. ఆడికి నాను సెయ్యాల్సిందేదీ సెయ్యనేదు. ఇదొక్కటైనా ఆడడిగినట్టు సేస్తాను."

ఎండలో ఆపిన మోటార్‌సైకిల్ స్టాండు గేటు దగ్గర టంగుమంది. తర్షిణి హెల్మెట్ తీయకుండానే గబగబా లోపలికి వచ్చింది. నర్సు యూనిఫారం మీద జాకెట్ ముందు వెనక్కి తిరగేసి తొడుక్కుంది. షెడ్డు మధ్యకు వచ్చి ఆగి, మేనమామ వైపు చూసింది. మణియం కళ్ళు దించుకున్నాడు. చిరిగిన రేకు చూసింది. తల్లి మొహానికంటిన తెల్లపొడి, ఆ పొడిలో కన్నీళ్ళు చేసిన చారలు చూసింది. తల్లి ఏడవగా ఆమె చూడడం అదే మొదలు.

"అమ్మా" అంది.

"ఈ తాత దగ్గర మీ నాన్న మాట ఒకటున్నాదంట" అంది లెచ్చుమి. "నీకంట. నన్ను బయటికి పొమ్మంటే పోతాను."

తర్షిణి హెల్మెట్ తీసి కింద పెట్టింది. తల్లి చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది. దొరసామి ఎదురుగా, అడుగు దూరంలో నిలబడింది.

"పోనక్కర్నేదు" అంది. "సెప్పండి తాతా. మా నాన్న ఏటన్నాడు?"

దొరసామి ఆ పిల్ల కళ్ళల్లోకి చూశాడు. ఒకసారి మణియం వైపు తిరిగి చూశాడు. ఆ చూపుకు మణియం మొహం పాలిపోయింది.

"మావయ్యని అడగమన్నాడమ్మా" అన్నాడు ముసలాయన. "నీ మీదేసిన ఒట్టు తప్పనేదని మావయ్యే సెప్తాడన్నాడు."